పార్ట్ టైమ్ ఆయా కావాలా? స్కూల్‌కి ముందు, తర్వాత పిల్లల్ని అప్పగించే ముందు ఇవి చూసుకోండి

స్కూల్ బస్సు ఎనిమిదిన్నరకు వస్తుంది. అమ్మానాన్నలిద్దరూ ఏడున్నరకే ఆఫీసుకు బయల్దేరాలి. సాయంత్రం మూడున్నరకు బిడ్డ బస్సు దిగుతుంది, ఇంటికి ఎవరో ఒకరు చేరేసరికి ఆరున్నర. హైదరాబాద్‌లో గచ్చిబౌలి, మాదాపూర్ వైపు ఉద్యోగాలు చేసే చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. అమ్మమ్మో, నానమ్మో ఉన్నన్నాళ్లు ఫర్వాలేదు. వాళ్లు ఊరెళ్లగానే ఆయా కోసం వెతుకులాట మొదలు.

ఆఫీసులో క్రెష్ ఉంటుంది కదా అనొచ్చు. 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ ఏర్పాటు చేయాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. కానీ ఇంటి దగ్గర స్కూల్లో చదివే బిడ్డను మధ్యాహ్నం అక్కడిదాకా తీసుకొచ్చేదెవరు?

నెల తిరక్కుండానే ఎందుకు మానేస్తున్నారు?

అసలు చిక్కు పని గంటల్లో ఉంది. ఉదయం ఒక గంట, సాయంత్రం మూడు గంటలు. నాలుగు గంటల పనే కదా అని జీతం తక్కువ చెబుతారు. కానీ ఆమె రోజుకు రెండుసార్లు వచ్చి వెళ్లాలి, మధ్యలో ఇంకో పూర్తి పని పట్టుకోలేదు. తెలంగాణలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు నిజమే, ట్రాఫిక్‌లో పోయే సమయం మాత్రం పోతుంది. అందుకే నడిచి వచ్చేంత దూరంలో ఉన్నవారినే చూసుకోండి. ముందు వాచ్‌మన్‌ను, పక్క ఫ్లాట్లలో పనిచేసేవారిని అడగండి. ఒకే అపార్ట్‌మెంట్‌లో రెండు కుటుంబాలు కలిసి ఒకరినే పెట్టుకుంటే ఆమెకూ గిట్టుబాటు అవుతుంది. దసరా, వేసవి సెలవుల్లో జీతం ఇస్తారా, ఎంత ఇస్తారు అన్నది మొదటి రోజే తేల్చేయాలి. సెలవులని జీతం కోస్తే, స్కూల్ తెరిచేసరికి ఆమె వేరే ఇంట్లో కుదిరిపోతుంది.

ఇంట్లో ఉన్న పనిమనిషికే పిల్లాడిని కూడా అప్పగించడం చాలామంది చేసే పని. ఖర్చు కలిసొస్తుంది. కానీ స్టవ్ మీద కూర పెట్టి, బస్సు దగ్గరికి పరుగెత్తాల్సి వస్తే? ఆ మూడు గంటలు ఆమెకు వంట, అంట్లు చెప్పకపోవడమే మంచిది.

ఆధార్ జిరాక్స్ ఒక్కటే చాలదు

జిరాక్స్‌లో పేరు, ఫొటో మార్చడం పెద్ద కష్టం కాదు. ఒరిజినల్ కార్డు మీది క్యూఆర్ కోడ్‌ను ఆధార్ యాప్‌తో స్కాన్ చేసి చూడండి. దగ్గరి పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇవ్వండి. అంతకంటే పనికొచ్చేది, ఇంతకుముందు పనిచేసిన ఇంటివాళ్లతో ఫోన్‌లో మాట్లాడటం. ఎందుకు మానేసిందో అడగండి. వయసు కూడా చూడాలి. 14 ఏళ్లలోపు అమ్మాయిని ఇంటి పనిలో పెట్టుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు.

ఆమె పేరు, ఫొటో, ఫోన్ నంబర్ స్కూల్‌కు, బస్సు అటెండర్‌కు ముందే ఇవ్వండి. వేరెవరు వచ్చినా బిడ్డను పంపొద్దని రాసి ఇవ్వండి. ఇంట్లో కెమెరా ఉంటే ఆ విషయం ఆమెకు చెప్పాలి.

మొదటి వారం ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టో, వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకునో ఇంట్లో ఉండండి. రోజూ రాత్రి బిడ్డను మాటల్లో పెట్టి సాయంత్రం ఏం చేశారో కనుక్కోండి. ఆమె దగ్గర ఉండనని మారాం చేస్తే కొత్త కదా అని కొట్టిపారేయొద్దు. బిడ్డను ఎవరైనా ఇబ్బంది పెట్టారని తెలిస్తే 1098కి ఫోన్ చేయొచ్చు. ఇక ఆయాకు జ్వరమొచ్చి రాని రోజు బస్సు దగ్గరికి ఎవరెళ్తారు? ఆ పక్కింటి ఆంటీతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి, ఆమె పేరు కూడా స్కూల్లో ఇవ్వండి.