ఆపదలో ఆదుకొను చిన్న పెట్టె

1991వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన ఆల్ప్స్ పర్వతములలో, ఇటలీ ఆస్ట్రియా దేశముల సరిహద్దు చెంత, కొండపై నడచుచున్న దంపతులకు ఒక మృతదేహము కనబడెను. అది కరగుచున్న మంచునుండి సగము బయటపడి యుండెను. దారితప్పి మరణించిన యాత్రికుడెవరో యని తొలుత అందఱును తలచిరి. శాస్త్రజ్ఞులు పరీక్షింపగా, ఆ మనుష్యుడు మరణించి సుమారు 5,300 సంవత్సరములు గడచినవని తేలెను. దేహము దొరకిన ప్రాంతమునుబట్టి అతనికి ఓట్జీ యను పేరు వచ్చెను. మంచు అతని దేహమునే కాక, వెంటనున్న వస్తువులను గూడ చెడకుండ కాపాడెను. వానిలో రాగిగొడ్డలి మిక్కిలి ప్రసిద్ధికెక్కినది. అయితే అతడు నడుమునకు కట్టుకొనిన చిన్న తోలుసంచి యొకటి కలదు. మనుష్యుడు ఇల్లు విడిచి బయలుదేఱునపుడు ఏమేమి వెంట నుంచుకొనవలెనో దానిని చూచి నేర్చుకొనవచ్చును.

ఆ సంచిలోని వస్తువులు అయిదాఱు మాత్రమే. చెకుముకిరాతితో చేసిన గీకుడుబిళ్ల యొకటి, రంధ్రములు తొలుచు ములుకు ఒకటి, పదునైన రాతిపెచ్చు ఒకటి, ఎముకతో చేసిన ఆరె యొకటి. వీనితోపాటు చెట్లమానులపై పెరుగు ఒక జాతి పుట్టగొడుగునుండి తీసిన దూదివంటి నల్లని ముద్ద గలదు. అది చిన్న నిప్పురవ్వను సైతము పట్టి నిలుపుకొనును. ఇంతేకాక, భూర్జవృక్షపు బెరడుతో చేసిన పాత్రలో, పచ్చి ఆకులలో చుట్టి, నిప్పుకణికలను మోసికొనిపోయిన గుర్తులును దొరకినవి. కణికలు ఆరిపోయినచో క్రొత్తగా నిప్పు చేసికొనుటకు సాధనము నడుమున నున్నది. అత్యవసరమైన దానిని రెండు విధములుగా సిద్ధము చేసికొనుట అంత ప్రాచీనకాలముననే మానవునకు తెలిసియుండెను. ఓట్జీ మరణమునకు కారణము చలియు కాదు, ఆకలియు కాదు. అతని ఎడమభుజములో దిగబడిన బాణపుమొనను 2001లో కనుగొనిరి. అట్టి ఆపదకు ఏ సంచియు విరుగుడు కాజాలదు.

తెలుగునాట పశువుల కాపరులకును, బండ్లు తోలువారికిని ఒకప్పుడు ఇట్టి సంచియే తోడుగా నుండెడిది. చెకుముకిరాయి, ఉక్కుముక్క, కొంచెము దూది అందుండెడివి. రాతిని ఉక్కుతో కొట్టగా రాలిన రవ్వ దూదిపై పడి రాజుకొనెడిది. అగ్గిపెట్టె వచ్చిన పిదప ఆ సంచి మూలబడినది కాని, చెకుముకి యను మాట మాత్రము నిలిచియున్నది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ సంచియే రేకుపెట్టెగా మాఱెను. శత్రుదేశములలో చిక్కుకొనిన సైనికులు తప్పించుకొని వచ్చుటకు సాయపడుటకై బ్రిటిష్ ప్రభుత్వము 1939 డిసెంబరులో ఎం.ఐ.9 అను శాఖను నెలకొల్పెను. అందు పనిచేసిన క్రిస్టఫర్ క్లేటన్ హట్టన్ అను నతడు, 50 సిగరెట్లు పట్టు పలుచని పెట్టెలను తీసికొని, విమానికుల జేబులలో ఇముడునట్లు సామగ్రిని కూర్చెను. పాలును మాల్టును కలిపి చేసిన బిళ్లలు, చాక్లెటు, అగ్గిపుల్లలు, సూదియు దారము, నీటిని శుద్ధిచేయు బిళ్లలు అందుండెను. గడ్డము గీసికొను బ్లేడునకు అయస్కాంతశక్తి కలిగించిరి. దారముతో వ్రేలాడదీసినచో అది ఉత్తరదిక్కును చూపును. దేశపటములను పట్టుబట్టపై అచ్చువేసిరి. కాగితమువలె అది నలగదు, విప్పునపుడు చప్పుడు కాదు. వీనియన్నిటికంటెను మెచ్చదగినది మడిచిపెట్టిన రబ్బరుసంచి. శుద్ధిచేయు బిళ్ల చేతనున్నను, నీరు పట్టుటకు పాత్ర లేనిచో ఆ బిళ్ల వ్యర్థము. పెట్టె కూర్చినవాడు ఆ కష్టమును ముందుగనే మనస్సులో చూచియుండెను.

ఇట్టి పెట్టె కూర్చుటలో కష్టమంతయు ఎంపికయందే కలదు. ఆపదలో మనుష్యునికి ఏది ముందుగా ముప్పు తెచ్చునో తెలిసికొనవలెను. ఆహారము లేకున్నను ఆరోగ్యవంతుడు కొన్ని వారములు బ్రతుకగలడు. నీరు లేనిచో బ్రతుకగలుగునది కొలది దినములే. తడిసి గాలికి చలికి లోనైనచో కొన్ని గంటలలోనే ప్రాణము మీదికి వచ్చును. అయినను అంగళ్లలో అమ్మెడి పెట్టెలను తెఱచిన, గాలములును, ఉచ్చులకు తీగలును పైకి కనబడుచుండును. అవి చూచుటకు ముచ్చటగా నుండును. చేపలు పట్టనేరని వాడు గాలముతో చేయగల పని ఏమియు లేదు. చేపలు పట్టనేర్చినవాడైనను, రెండు దినములలో సాయము అందు చోట దానిని విప్పవలసిన అక్కఱ యుండదు.

పెట్టె ఏ చోటికి తగినదో ఆ చోటి ఆపదనుబట్టి కూర్చవలెను. ఆంధ్రదేశపు తీరమున ఆపద యనగా తుపాను. 1977 నవంబరు 19వ తేదీన కృష్ణానది సముద్రములో కలియుచోట దివిసీమను ఉప్పెన ముంచెత్తెను. సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చిన కెరటమునకు ఊళ్లకు ఊళ్లే కొట్టుకొనిపోయినవి. 10,000 మందియు, అంతకు మించియు మరణించిరి. అట్టి నీటికి ఎదురుగా ఏ పెట్టెయు నిలువజాలదు. హెచ్చరిక వినబడగనే ఎత్తైన చోటికి తరలిపోవుట యొక్కటే మార్గము. పెట్టె పని ఆ తరువాతను మొదలగును. నలుదిక్కుల నీరున్నను త్రాగుటకు చుక్క దొరకదు. పిలిచినను ఎవరికిని వినబడదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు, మహానగరమైనను విద్యుత్తు లేక, టెలిఫోనులు పనిచేయక దినములు గడపవలసివచ్చెను. అరచేతిలో ఇముడు పెట్టె ఉపకరించునది అట్టి దినములలోనే.

పెట్టెలో మొదట నుంచవలసినది ఈల. దానికి రెండు రూపాయల బరువైనను ఉండదు. కూలిన గోడల క్రింద చిక్కినవాడు అఱచినచో కొంతసేపటికే గొంతు బొంగురుపోవును. ఊపిరి యున్నంతవఱకు ఈల మ్రోగును. లోపల గింజ గల ఈలకంటె గింజలేని ఈల మేలు. తడిసినను, బురద చేరినను అది మూగబోదు. ఊదుటకును ఒక పద్ధతి కలదు. నిమిషమునకు ఆఱుసార్లు ఊది, ఒక నిమిషము ఆగి, మరల ఆఱుసార్లు ఊదవలెను. ఆల్ప్స్ పర్వతములను ఎక్కువారి కొఱకు 1894లో ఏర్పడిన ఈ సంకేతము అనేక దేశములలో చెల్లుచున్నది. విన్నవారు నిమిషమునకు మూడుసార్లు ఊది బదులిత్తురు. ఆగిన నిమిషమున ఆ బదులు వినబడును. అందువలన ఆగుటయు ఊదుటయంత ముఖ్యమే. ఈలతోపాటు చిన్న అద్దపుముక్క యుంచిన, పగటివేళ సూర్యకాంతిని పడవపైకో విమానముపైకో మరలించి చాల దూరమునకు సంకేతము పంపవచ్చును.

తరువాతిది నీరు. వఱదనీరు పైకి తేఱుకొనినట్లు కనబడినను, అందు రోగక్రిములుండును. ముందుగా దానిని వడకట్టవలెను. ఇందుకు పాతచీర ముక్క మిక్కిలి ఉపయోగకరము. బంగ్లాదేశములోని మత్లబ్ ప్రాంతపు పల్లెలలో, స్త్రీలు చెఱువునీటిని నాలుగు మడతల పాతచీరతో వడకట్టునట్లు చేసి శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. కలరా సోకినవారి సంఖ్య దాదాపు సగమునకు తగ్గినదని 2003లో వారు ప్రకటించిరి. కలరాక్రిమి కంటికి కనబడనంత చిన్నదే కాని, నీటిలో దిరుగు సూక్ష్మజీవులకు అంటిపెట్టుకొనియుండును; బట్ట ఆ జీవులను ఆపును. క్రొత్తచీరకంటె పాతచీరయే మేలు. పలుమాఱులు ఉతికిన నూలు పోగులు విడి, సందులను పూడ్చును. వడకట్టినంతమాత్రమున నీరు పూర్తిగా శుద్ధము కాదు. దానిని తెర్లకాగు నట్లు ఒక నిమిషము మరిగింపవలెను. పొయ్యి లేనిచో క్లోరిన్ బిళ్ల వేసి, పొట్లముపై వ్రాసిన ప్రకారము అరగంటయో, అంతకెక్కువో ఆగవలెను. కాబట్టి పెట్టెలో పది బిళ్లలును, మడిచిన మందపు పాలిథిన్ సంచియు, జేబురుమాలంత చీరముక్కయు ఉండవలెను. ఉప్పునీటికి మాత్రము వీనిలో ఏదియు పనికిరాదు. మరిగించినకొలది అది మఱింత ఉప్పనగును.

నీళ్లవిరేచనములు పట్టుకొనిన, దేహములోని నీరును లవణములును త్వరగా తఱిగిపోవును. అందుకు ఓ.ఆర్.ఎస్. పొట్లము రెండు మూడైనను దగ్గఱ నుండుట మంచిది. అది లేనిచోట, లీటరు శుద్ధజలములో ఆఱు చదునైన చిన్న చెంచాల పంచదారయు, అరచెంచా ఉప్పును కలిపి త్రాగింపవచ్చును. ఈ కొలత పెట్టెలో కాక తలలో నుండవలసినది.

అగ్గిపుల్లల విషయమున పొరపాటు పడుట సులభము. నేటి అగ్గిపుల్లలు రాతిపై గీసినను, గోడపై గీసినను వెలుగవు. వానిని వెలిగించు ఎఱ్ఱభాస్వరము పుల్ల తలయందు లేదు. పెట్టె ప్రక్కన పూయబడియున్నది. పుల్లలను మాత్రమే వేఱుచేసి దాచుకొనినవాడు, అక్కఱ వచ్చినపుడు ఇరువది పుల్లలున్నను చీకటిలోనే కూర్చుండవలసివచ్చును. ఆ పట్టీని కత్తిరించి వానితోపాటు పొడిగా చుట్టిపెట్టవలెను. పెద్దలు దగ్గఱ నుండగా కొవ్వొత్తి మైనమును కరగించి, పుల్లల తలలను అందు ముంచి ఆఱనిచ్చినచో తడి సోకదు. గీయుటకు ముందు ఆ మైనమును గోటితో రాల్చివేయవలెను. పొట్టి కొవ్వొత్తిముక్క యొకటి తోడుండిన, తడిసిన పుల్లలును చితుకులును అంటుకొనువఱకు మంట నిలుచును.

తక్కిన వస్తువులు చిన్నవి. పిన్నీసులు నాలుగు, సూది, గట్టి దారము, గాయమునకు అంటించు పట్టీలు, చిన్న టార్చి. టార్చిలోని బ్యాటరీకి నడుమ కాగితపు ముక్క నుంచినచో, అది ఊరకే వెలిగి చల్లాఱిపోదు. పిన్నీసు సంగతి తెలుగు స్త్రీలకు ఎవరును నేర్పనక్కఱలేదు. గాజులకో, మంగళసూత్రమునకో రెండు మూడింటిని తగిలించుకొని తిరుగు ఇల్లాండ్రు, తమకు తెలియకుండగనే ఇట్టి పెట్టెలో కొంతభాగమును ఎల్లప్పుడు ధరించుచున్నారు. చాకు మిక్కిలి ఉపయోగకరమైనదే కాని, బాలబాలికలు దానిని పాఠశాలకు కొనిపోరాదు. విమానములోనికి చేతిసంచిలో చాకును గాని, అగ్గిపుల్లలను గాని తీసికొనిపోనీయరు.

ఒక కాగితముపై ఇంటివారి పేర్లు, టెలిఫోను సంఖ్యలు, రక్తపు వర్గము, నిత్యము వాడు మందుల పేర్లు పెన్సిలుతో వ్రాసి యుంచవలెను. సిరా తడికి అలుకుకొనిపోవును, పెన్సిలువ్రాత నిలుచును. అన్ని సంఖ్యలును సెల్‌ఫోనులోనే యున్నవిగదా యని పలువురు ఊరకుందురు. అది ఆరిపోయిన దినమున కన్నతల్లి సంఖ్య సైతము గుర్తుకురానివారు ఎందఱో కలరు. అత్యవసర సహాయమునకు 112 అను సంఖ్య దేశమంతటను పనిచేయును. విద్యుత్తు లేనిచోట బ్యాంకుల యంత్రములు డబ్బీయవు. అందుచేత పది, ఇరువది రూపాయల నోట్లు కొన్ని ఆ కాగితములోనే మడిచిపెట్టుట మంచిది.

ఇవన్నియు చేరినను బరువు పావుకిలోకు మించరాదు. మించినచో ఒకనాడు కాకున్న ఒకనాడు దానిని ఇంటిలో విడిచిపోవుదురు. నలువది వస్తువులతో నిండి అలమారలో నున్న పెట్టెకంటె, ఎనిమిది వస్తువులతో జేబులో నున్న పెట్టె మేలు. కూర్చిన పిదప దానిని ఒకసారి వాడిచూడవలెను. ఈల ఎంతదూరము వినబడునో, మైనము పూసిన పుల్ల నిజముగా వెలుగునో లేదో, చీకటిలో చేతితో తడవి ప్రతి వస్తువును గుర్తింపగలమో లేదో ఎండకాలపు సెలవులలో పరీక్షింపవచ్చును. క్లోరిన్ బిళ్లలకును, ఓ.ఆర్.ఎస్. పొట్లములకును కాలపరిమితి యున్నది. బ్యాటరీ వాడకున్నను క్షీణించును. బంగాళాఖాతమున తుపానులు ఎక్కువగా ఏప్రిల్, మే నెలలలోను, మరల అక్టోబరు మొదలు డిసెంబరు వఱకును పుట్టుచుండును. మార్చి నెలలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి పెట్టె తెఱచి, కాలము తీఱిన వానిని మార్చి, కాగితముపై ఆనాటి తేదీ వేసి మూయవలెను.