సంచి ఇంటికి చేరేదాకా: దాతలు తెలుసుకోవలసిన సరఫరా పాఠం



జకాత్, సదఖా, ఫిత్రా ఇచ్చేటప్పుడు మనం ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి అని ఆలోచిస్తాం. ఇచ్చిన రూపాయి బియ్యంగా, పప్పుగా మారి ఒక వితంతువు ఇంటి గడప దాటేదాకా ఏయే చేతులు మారుతుంది, ఎన్ని రోజులు పడుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్న ఆలోచన మాత్రం తక్కువ. ఈ ప్రయాణాన్నే వ్యాపార ప్రపంచం సప్లై చైన్ అంటుంది. తెలుగులో సరఫరా గొలుసు. దాన్ని సక్రమంగా నడిపే విద్యే సప్లై చైన్ మేనేజ్‌మెంట్. ఈ పేరును 1982లో కీత్ ఆలివర్ అనే సలహాదారు వాడుకలోకి తెచ్చారు. పేరు కొత్తదే గాని పని చాలా పాతది.

పాత పాఠాలు రెండు

దివ్య ఖుర్ఆన్‌లో యూసుఫ్ (అలైహిస్సలాం) గాథ మనందరికీ తెలిసిందే. ఏడేళ్లు బాగా పండుతుంది, తర్వాత ఏడేళ్లు కరువు వస్తుంది అని ఆయన రాజు కలకు అర్థం చెప్పారు. అంతటితో ఆగక ఉపాయం కూడా చెప్పారు: తినడానికి కావలసిన కొద్దిపాటి తప్ప మిగతా ధాన్యాన్ని వెన్నులోనే ఉంచి దాచమన్నారు. ఇందులో రాబోయే అవసరాన్ని అంచనా వేయడం ఉంది, నిల్వ ఉంది, పాడవకుండా దాచే పద్ధతి ఉంది. కరువులో ధాన్యం కోసం వచ్చినవారికి మనిషికి ఒక ఒంటె మోత చొప్పున కొలిచి ఇవ్వడంలో పంపిణీ నియమం కూడా ఉంది.

రెండోది హజ్రత్ ఉమర్ (ర.అ.) కాలం నాటిది. హిజ్రీ 18లో అరేబియాలో పెద్ద కరువు వచ్చింది. అప్పుడు సిరియా వైపు నుంచి ఒంటెల మీద తిండిగింజలు తెప్పించారు. ఈజిప్టు చేతికొచ్చాక, నైలు నదిని ఎర్ర సముద్రంతో కలిపే పూడిపోయిన పాత కాలువను అమ్ర్ బిన్ ఆస్ (ర.అ.) తిరిగి తవ్వించారు. ధాన్యం ఓడల్లో మదీనా దగ్గరి జార్ రేవుకు చేరింది. ఒకచోట ధాన్యం ఉండీ, మరోచోట ఆకలి ఉంటే, ఆ రెంటినీ కలిపే దారి వేయడం కూడా పాలకుడి బాధ్యతేనని దీని సారం.

గొలుసులో లంకెలు ఐదు

మొదటిది అవసరాన్ని లెక్కగట్టడం, రెండోది కొనుగోలు, మూడోది నిల్వ, నాలుగోది రవాణా, ఐదోది పంపిణీ. వీటి గుండా మూడు ప్రవహిస్తుంటాయి. సరుకు ముందుకు పోతుంది. డబ్బు వెనక్కి వస్తుంది. సమాచారం రెండు వైపులా నడుస్తుంది. మూడింటిలో ఏది ఆగినా మిగతా రెండూ ఆగుతాయి.

మన కళ్లెదుటి ఉదాహరణ రేషన్ బియ్యమే. రైతు దగ్గర కొన్న ధాన్యం మిల్లుకు పోతుంది, బియ్యమై గోదాముకు చేరుతుంది, అక్కడి నుంచి మండల స్థాయి నిల్వ కేంద్రానికి, అక్కడి నుంచి చౌక ధరల దుకాణానికి వస్తుంది. వేలిముద్ర వేసే ఈ-పాస్ యంత్రం ఎవరికి ఎంత ఇచ్చారో పైకి చెబుతుంది. అదే సమాచార ప్రవాహం. చివరి అడుగు ఎంత కష్టమో కూడా ఇక్కడే కనిపిస్తుంది. 2021 జనవరిలో మన రాష్ట్రంలో 9,260 వాహనాలతో ఇంటి దగ్గరికే బియ్యం పంపే పద్ధతి పెట్టారు. 2025 జూన్ నుంచి మళ్లీ దుకాణాల్లోనే ఇస్తున్నారు. 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు మాత్రం ఇంటికే అందించాలన్నారు. అందరికీ ఇంటికే పంపాలా, రాలేనివారికే పంపాలా అన్న ప్రశ్న ప్రతి ధర్మసంస్థకూ ఉన్నదే.

బడిలోనూ ఈ విద్య ఉంది. మధ్యాహ్న భోజనానికి వచ్చే కోడిగుడ్ల మీద రంగు ముద్ర ఉంటుంది. ఏ గుడ్లు ముందు వచ్చాయో దాన్ని చూసి తెలుసుకోవచ్చు. ముందు వచ్చినవి ముందు వండాలి. నిల్వ శాస్త్రంలో మొదటి సూత్రం ఇదే. సరుకు గదిలో కొత్త బస్తాను పాత బస్తా ముందు పెట్టామంటే పాతది పురుగు పట్టేదాకా అక్కడే ఉంటుంది.

పుకారు పెరిగే తీరు

2016 నవంబరులో ఉప్పు దొరకదన్న పుకారు ఉత్తర భారతంలో పుట్టి హైదరాబాద్ దాకా వచ్చింది. కిలో కొనే ఇల్లు ఐదు కిలోలు కొంది. నిజానికి ఉప్పుకు కొరత లేదు. ఇంట్లో కొద్దిగా పెరిగిన కోరిక చిల్లర కొట్టు దగ్గర కాస్త ఎక్కువై, టోకు వ్యాపారి దగ్గర ఇంకా ఎక్కువై, కంపెనీ దగ్గరికి వెళ్లేసరికి కొండంత అవుతుంది. కొరడా పిడిని కొద్దిగా కదిపితే చివర పెద్దగా ఊగినట్టన్నమాట. మందు ఒక్కటే: అసలు లెక్క అందరి దగ్గరా ఉండటం. సరుకు దాచిపెట్టి ధర పెంచడాన్ని దైవప్రవక్త (సఅసం) ఎందుకు ఖండించారో ఇక్కడ ఇంకా బాగా అర్థమవుతుంది.

మన రంజాన్ సంచి లెక్క

దర్శిలో ఒక సంఘం 200 కుటుంబాలకు రంజాన్ సరుకులు ఇవ్వాలనుకుందని అనుకుందాం. సంచిలో బియ్యం 10 కిలోలు, కందిపప్పు 2 కిలోలు, నూనె, చక్కెర, ఖర్జూరం కలిపి మరో 3 కిలోలు, మొత్తం 15 కిలోలు. అంటే 3 టన్నుల సరుకు. పాతిక కిలోల బియ్యం బస్తాలే 80. సుమారు ముప్పాతిక టన్ను మోసే చిన్న ట్రాలీ ఆటోకు ఇది నాలుగు విడతల పని. కురిచేడు వైపు ఒకటి, దొనకొండ వైపు ఒకటి, ముండ్లమూరు వైపు ఒకటి, తాళ్లూరు వైపు ఒకటి. దారికి 50 సంచులు.

ఇప్పుడు పని వెనకనుంచి లెక్కపెడదాం. సంచి రంజాన్ నెలవంకకు ముందే ఇంట్లో ఉండాలి. పంపిణీకి 2 రోజులు. సరుకు చూసుకుని సంచులు కట్టడానికి 2 రోజులు. ఆర్డరు ఇచ్చాక సరుకు రావడానికి 4 రోజులు. ముగ్గురు వ్యాపారుల దగ్గర ధరలు తెలుసుకుని మాట్లాడుకోవడానికి 5 రోజులు. ఇల్లిల్లూ తిరిగి జాబితా సరిచూడటానికి 10 రోజులు. మొత్తం 23. వానో, బందో, వ్యాపారి ఆలస్యమో ఉంటుంది కాబట్టి ఇంకో 6 రోజులు చేతిలో ఉంచుకుంటే 29. అంటే షాబాన్ నెలవంక కనిపించిన నాడే పని మొదలవ్వాలి. షబే బరాత్ అయ్యాక చూద్దాం అనుకుంటే మిగిలేది పదిహేను రోజులే. ఆ తొందరలో జాబితా సరిచూడటం మానేస్తాం. ఫలితంగా బజారు పక్క ఇంటికి మూడు సంఘాల సంచులు చేరతాయి. ఊరి చివర ఒంటరిగా ఉన్న దూదేకుల ముసలమ్మకు ఒక్కటీ చేరదు.

కొనుగోలులోనూ కాలం చూడాలి. మన పశ్చిమ ప్రకాశంలో కంది పంట చలికాలం చివరికి ఇంటికొస్తుంది. సాగర్ కాలువ కింద వరి కూడా ఇంచుమించు అప్పుడే. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది గనుక ఇల్లాళ్లు పాత బియ్యమే అడుగుతారు. కొత్త కంది మాత్రం మార్కెట్‌కు వచ్చిన రోజుల్లోనే ధర అందుబాటులో ఉంటుంది. అయితే హిజ్రీ సంవత్సరం మన క్యాలెండరు కంటే సుమారు 11 రోజులు చిన్నది. రంజాన్ ఏటా ముందుకు జరుగుతుంది. 2018లో మండు వేసవిలో వచ్చింది, 2026లో ఫిబ్రవరిలో వచ్చింది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి, ఒకే ఏడాదిలో రెండు రంజాన్‌లు మొదలవుతాయి. కోతకు ముందు వచ్చే రంజాన్‌కు కందిపప్పు నిరుటి పంటలోనే కొని దాచుకోవాలి. ఖర్జూరం సముద్రం దాటి వచ్చేది కాబట్టి దానిది అన్నిటికన్నా పొడుగు దారి. దాన్ని అందరికన్నా ముందే మాట్లాడుకోవాలి.

ఫిత్రాది ఇంకా ఇరుకైన గడువు. ఈద్ నమాజుకు ముందే అది పేదవాడి చేతిలో ఉండాలి. నెలవంక సాయంత్రం కనిపిస్తే నమాజు తెల్లారే. ఆ ఒక్క రాత్రిలో జాబితా రాసుకోవడం సాధ్యం కాదు.

దాత ఒక లంకె

ఈ గొలుసులో తరచుగా సాగేది డబ్బు లంకె. చాలామంది జకాత్ రంజాన్ సగమయ్యాక, కొందరు ఇరవై ఏడో రాత్రికి ఇస్తారు. పుణ్యం ఎక్కువన్న ఆశ మంచిదే. కాని సరుకు కొనవలసింది షాబాన్‌లో. అందుచేత సంఘం అప్పు మీద కొంటుంది, అప్పు మీద కొన్నవాడికి బేరమాడే నోరుండదు. నిసాబ్ ఉన్నవారు జకాత్‌ను గడువుకు ముందే చెల్లించవచ్చని హనఫీ ఉలమాలు చెబుతారు. సందేహం ఉంటే మీ ఇమామ్ సాహెబ్‌ను అడగండి. డబ్బు వెంటనే ఇవ్వలేకపోతే, ఎంత ఇస్తారో రజబ్‌లోనే మాట చెప్పండి. ఆ ఒక్క మాటతో కొనుగోలు లెక్క తేలుతుంది.

రెండో విన్నపం ఆటో కిరాయి గురించి. ప్రతి పైసా బియ్యానికే పోవాలని దాతలు అంటారు. కాని బస్టాండు దగ్గర ఇచ్చిన 15 కిలోల సంచిని మోకాళ్ల నొప్పుల ముసలమ్మ ఎలా మోసుకెళ్తుంది? కిరాయి ఇచ్చి తీసుకెళ్తే దానంలో కొంత ఆమే కట్టినట్టు. కిరాయి, సంచులు, కూలి ఖర్చులను జకాత్ నుంచి తీయకుండా లిల్లాహ్ నిధి విడిగా పెడితే చిక్కు తీరుతుంది. ఆ నిధికి ఇచ్చేవారు తక్కువగా ఇచ్చామని అనుకోనవసరం లేదు. 50 సంచులను ఊళ్లకు చేర్చేది ఆ డబ్బే.

మూడోది, అడగండి. సంచి ఎంతకు పడింది, ఎన్ని ఇళ్లకు చేరింది, ఎన్ని మిగిలాయి, చేరనివి ఎందుకు చేరలేదు అని లెక్క అడగండి. అడిగే దాత ఉంటే రాసే కార్యకర్త ఉంటాడు. పుచ్చుకున్నవారినీ అడగాలి: బియ్యం ఎలా ఉంది, పప్పు ఉడికిందా, నూనెకు బదులు ఇంకేమైనా కావాలా అని. వారి పేరు, ఫొటో బయట పెట్టకుండానే ఈ పని చేయవచ్చు. సమాచారం వెనక్కి రాని గొలుసులో పోయిన ఏటి లోటు వచ్చే ఏడూ అలాగే ఉంటుంది.

మన ప్రాంతంలో చదువుకున్న పిల్లలకు ఈ విద్య జీవనోపాధి కూడా. గోదాములు, కొరియర్లు, మందుల డిపోలు, బియ్యం మిల్లులు, అన్నిచోట్లా నిల్వ పుస్తకం రాయగలవాడు, దారి లెక్క వేయగలవాడు కావాలి. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలను ప్రతి షాబాన్‌లో సంఘం పనిలో పెట్టి జాబితా, ధరల పట్టిక, ట్రాలీ దారి వారిచేత రాయిస్తే, సేవా జరుగుతుంది, చదువూ వస్తుంది.

మీరిచ్చింది అమానత్. దాన్ని వేళకు, సరైన గడపకు, తూకం తగ్గకుండా చేర్చడం ఆ అమానత్‌లో భాగమే. అల్లాహ్ మీ దానాలను స్వీకరించి, చేర్చే చేతులకు శక్తినిచ్చుగాక. ఆమీన్.