దీర్ఘం తీస్తే అమ్మమ్మే!

మా అక్క కూతురు పెళ్లయి వచ్చే నెలలో జపాన్ వెళుతోంది. "పిన్నీ, నువ్వు అక్కడ మూడేళ్లు ఉన్నావుగా, ముందు ఏ మాటలు నేర్చుకోమంటావ్?" అని అడిగింది. "మాటల సంగతి తర్వాత, ముందు పలకడం నేర్చుకోవే" అన్నాను. ఎందుకో చెప్పాలంటే నా కథ చెప్పాలి.

మావారి ఉద్యోగరీత్యా టోక్యోలోని నిషికసాయ్‌లో కాపురం పెట్టాం. వెళ్లేముందు ఓ యాభై మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకుని బట్టీపట్టాను. చేరిన వారానికే పక్కింటావిడను "ఒబాసన్" అని పిలిచాను. నలభై అయిదేళ్ల మనిషి. నవ్వారు కానీ మొహం చిన్నబోయింది. 'ఒబసన్' అంటే పిన్నో, అత్తయ్యో. దీర్ఘం తీసి 'ఒబాసన్' అంటే అమ్మమ్మ! అసలు పైవాళ్లను వరసలతో కాక, ఇంటిపేరు చివర 'సన్' చేర్చి పిలవడమే అక్కడి మర్యాదట.

అది నవ్వుకుని వదిలేశాం. రెండోసారి మాత్రం నవ్వు రాలేదు. మావారు ఊళ్లో లేరు. సాయంత్రం బాబుకి ఒళ్లు కాలిపోతోంది. టాక్సీ ఎక్కి "బియోఇన్" అన్నాను. కారు తీసుకెళ్లి బ్యూటీపార్లర్ ముందు ఆపాడు! ఏడుపొక్కటే తక్కువ. బాబు నుదుటిమీద చెయ్యిపెట్టి చూపించాను. "ఆ, బ్యోఇన్!" అంటూ వెంటనే ఆస్పత్రికి తిప్పాడు.

ఆస్పత్రి 'బ్యోఇన్', బ్యూటీపార్లర్ 'బియోఇన్'. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి చదివిన నాకు ఆ తేడా అందలేదు. అదే మన లిపిలో రాసుకుంటే ఒక్క యవత్తులో కళ్లకు కట్టేది. బాబుకి జ్వరం తగ్గాక, పక్కింటావిడ పలుకుతుంటే విని నోటుబుక్కు మొత్తం తెలుగులో తిరగరాశాను. అప్పుడు తెలిసింది, సగం ఉచ్చారణ మన నోట్లో ముందే ఉందని!

అచ్చులు అయిదే: అ, ఇ, ఉ, ఎ, ఒ. వాటికి దీర్ఘాలు. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. స్కూల్లో లఘువు, గురువు లెక్కపెట్టాం చూడండి, అదే లెక్క. 'తోక్యో' అంటే నాలుగు మాత్రలు. అవును, 'టో' కాదు, 'తో'. ట, డ వాళ్లకు లేవు.

ఒత్తు వదలకూడదు. 'కితె' అంటే రమ్మని, 'కిత్తె' అంటే తపాలా బిళ్ల.

సున్నా మన సున్నాలాంటిదే. పక్కన ప, బ, మ వస్తే 'మ్' అవుతుంది. వార్తాపత్రిక 'శింబున్'.

'త్సు' చూసి భయపడకండి. 'చుట్టం'లో మనం పలికే చు అదే. నీళ్లను 'మిజు' అంటారు. ఆ జు 'జున్ను'లో జు.

'ఫు'కి పై పళ్లు పెదవికి తగలకూడదు. వేడి పాలు ఊదినట్టు రెండు పెదవుల మధ్య నుంచి గాలి రావాలి.

'ల' విడిగా లేదు. నాలుక కొస ఒక్కసారి తగిలించి 'ర' అంటారు. నా పేరు లలిత. మూడేళ్లూ 'రరితాసన్'నే!

'దెసు' చివర ఉకారం మింగేసి 'దెస్' అంటారు. రాసినట్టు పలికితే తప్పేం కాదు, కొత్తవాళ్లని తెలుస్తుంది, అంతే.

మనకు లేనిదల్లా స్వరం ఎత్తు. 'హశి' మొదట హెచ్చితే తినే పుల్లలు, చివర హెచ్చితే వంతెన. ఒసాకా వైపు ఇది తిరగబడుతుంది. సందర్భాన్నిబట్టి అర్థం చేసుకుంటారు కనుక మొదట్లోనే దీనికోసం బెంగపడక్కర్లేదు.

ఇంకో ముచ్చట. వాళ్ల అక్షరమాల కూడా అ ఇ ఉ ఎ ఒ, తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ వరసలో నడుస్తుంది. బౌద్ధంతోపాటు వెళ్లిన సంస్కృత అక్షరక్రమం చలవ అది. అందుకే తెలుగులో రాసుకోవడం మొదటి నెలకే. ఆపైన వాళ్ల అక్షరాలే నేర్చుకోవాలి.

ఇవన్నీ మా అమ్మాయికి చెప్పి, అంబులెన్సుకి 119 అని కూడా రాయించాను. నిన్న ఫోన్ చేసింది. "పిన్నీ, విను" అంటూ టేబుల్‌మీద వేలితో కొడుతూ పలికింది: బ్యో... ఓ... ఇ... న్. సరిగ్గా నాలుగు మాత్రలు. నా గుండె కుదుటపడింది.