ముల్లు ఎర్రగీత దాటితే...

నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని బడిలో చదువుకున్నాం. ఆదోనిలో మాత్రం అంతకు ఒకటిన్నర డిగ్రీ ముందే మరుగుతాయి! ఊరు సముద్రమట్టానికి 430 మీటర్లకు పైగా ఎత్తున ఉంది మరి. ఎత్తు 300 మీటర్లు పెరిగితే మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. అన్నం వండుకునేవాళ్లకు ఆ తేడా లెక్కలోకి రాదు. కారు ఇంజన్ సంగతి వేరు. ఏ రోగమూ లేనప్పుడే అది 90 డిగ్రీలకు అటూ ఇటూగా పనిచేస్తుంది.

మరి మే నెల ఎండలో ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే కార్లన్నీ దారిలో ఆవిర్లు ఎందుకు చిమ్మవు? అదంతా రేడియేటర్ మూత చలవ. అందులోని స్ప్రింగు ప్రెషర్ కుక్కర్ వెయిట్ లాగా లోపలి నీటిని అదిమిపెడుతుంది. సుమారు ఒక వాతావరణం అదనపు ఒత్తిడిలో నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. సగానికి సగం కూలెంట్ కలిపితే ఇంకో ఎనిమిది, తొమ్మిది డిగ్రీల వెసులుబాటు దొరుకుతుంది. మూత రబ్బరు ఎండి పగిలిందా, ఈ రక్షణంతా పోయినట్టే. ఇంజన్ విప్పుదామనే మెకానిక్‌ను ముందు మూత మార్చి చూడమనండి. అన్నిటికంటే చవక వైద్యం అదే.

ఆ మూతను వేడి మీద తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పోయి, అప్పటిదాకా మరగని నీరు క్షణంలో ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. అరగంటకు పైగా ఆగాలి. పై హోస్ పైపు చల్లబడి, నొక్కితే మెత్తగా ఉన్నప్పుడే మూత మీద చెయ్యి వేయాలి.

ఈ ప్రాంతంలో నీళ్ల కోసం ఆగే ఇంజన్లు కారు రాకముందు నుంచీ ఉన్నాయి. 1871లో మద్రాసు రైల్వే రాయచూరు దాకా వెళ్లి బొంబాయి వైపు లైనుతో కలిసింది. ఆదోని ఆ దారిలోదే. బొగ్గుతో పాటు నీళ్లు కూడా పట్టించనిదే ఆవిరి ఇంజన్ కదిలేది కాదు.

కార్లలోనూ తొలిరోజులు అలాగే గడిచాయి. 1888లో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులతో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు నూరు కిలోమీటర్లకు పైగా కారు నడిపింది. ఆ బండిలో నీళ్లు ఆవిరైపోతూ ఇంజన్‌ను చల్లబరిచేవి. అందుకే దారి పొడవునా దొరికిన చోటల్లా నీళ్లు పోసుకుంటూ పోయింది. 1901 మెర్సిడెస్‌కు విల్‌హెల్మ్ మేబాక్ 8,070 సన్నని గొట్టాల రేడియేటర్ పెట్టాక 9 లీటర్ల నీళ్లే సరిపోయాయి.

ఇంజన్ ఎందుకు వేడెక్కిందో తెలియాలంటే ఎక్కడ వేడెక్కిందో చూడాలి. ఆదోని మార్కెట్ యార్డు దగ్గర పత్తి బండ్ల వెనుక పాకుతున్నప్పుడో, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర రద్దీలోనో ముల్లు లేచి, ఊరు దాటి వేగం అందుకోగానే దిగితే అనుమానం ఫ్యాన్ మీద. మోటారు, రిలే, ఫ్యూజు చూపించాలి. ఊళ్లో బాగానే ఉండి బయలు రోడ్డు మీద లేస్తే రేడియేటర్ పూడిందో, వాటర్ పంపు అరిగిందో, థర్మోస్టాట్ సగంలో ఇరుక్కుందో. వేగంగా పోతుంటే గాలి దానంతటదే కొడుతుంది, ఫ్యాన్‌తో పెద్దగా పనిలేదు. ఈ ఒక్క ప్రశ్న అడగని మెకానిక్‌కు నేనైతే బండి ఇవ్వను.

పత్తి సీజన్‌లో ఇంకో సంగతి. ఏసీ కార్లలో కండెన్సర్ ముందు, రేడియేటర్ దాని వెనుక ఉంటాయి. రోడ్డు మీద ఎగిరే దూదిపోగులు, దుమ్ము ఆ రెండింటి సందులో చేరి అట్టకడితే ముందు నుంచి చూసేవాళ్లకు ఏమీ కనబడదు. ఇంజన్ వైపు నుంచి బయటికి, మెల్లని ధారతో కడగాలి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది.

మన దిక్కున ఇంజన్లకు అసలు శత్రువు ఎండ కాదు, ఉప్పు బోరు నీళ్లు అంటాను. సబ్బు నురగ రానివ్వని, బిందె అడుగున తెల్లటి పొర కట్టే నీళ్లే రేడియేటర్ గొట్టాల్లోనూ పొర కడతాయి. వేడి ఎక్కువ తగిలేచోట ఇంకా మందంగా కడతాయి. నూలుకు రంగులద్దే పని తెలిసిన ఎమ్మిగనూరు వాళ్లకు నీళ్ల తేడా గురించి కొత్తగా చెప్పేదేముంది? ఉప్పు నీళ్లలో రంగు సమంగా పట్టదు. దారిలో గత్యంతరం లేక బోరు నీళ్లు పోసినా, ఇంటికి రాగానే తీసేయించి డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ పోయించాలి. పోసేటప్పుడు కూడా ఇంజన్ చల్లారనివ్వాలి. కాలుతున్న హెడ్‌కు చన్నీళ్లు తగిలితే పగుళ్లు వస్తాయి.

వేడిని మోయడంలో కూలెంట్ కంటే ఉత్త నీళ్లే మేలంటే నమ్ముతారా? నిజమే. తుప్పు పట్టనివ్వకపోవడం, మరుగును వెనక్కి నెట్టడం కూలెంట్ పని. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లదనం అనుకుని, నీళ్లు కలపాల్సిన చిక్కని కూలెంట్‌ను అలాగే నింపేవాళ్లకు లాభం లేదు.

ముల్లు బాగా పైకి లేచి, బండి ఆపకుండానే ఉన్నట్టుండి కిందికి పడిందా? సంతోషించకండి. నీళ్లన్నీ పోయి సెన్సర్ ఉత్త గాలిలో ఉండవచ్చు. చాలా కొత్త కార్లలో ముల్లే లేదు, ఎర్రదీపం ఒక్కటే. అది వెలిగితే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, పక్కన ఆపేచోటు చూసుకోండి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. మే నెలలో హీటర్ వేసినవాడిని చూసి పక్కవాళ్లు ఏమనుకున్నా సరే!

‘మన ఎండకు ఇదెందుకు సార్’ అని థర్మోస్టాట్ పీకి పారేసే మెకానిక్‌లున్నారు. 82–88 డిగ్రీల దగ్గర లోపలి మైనం కరిగి ఉబ్బి తలుపు తెరుస్తుంది, అంతే దాని పని. అది లేకపోతే ఇంజన్ ఆలస్యంగా వేడెక్కి పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలోనైతే కొంత నీరు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన తిరిగొస్తుంది. వేడి నీళ్లలో వేలాడదీసి చూస్తే అది పనిచేస్తోందో లేదో తేలిపోతుంది. పాడైతే కొత్తది వేయించుకోవాలి.

ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్ల పొగ ఆగకపోయినా, చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లలో ఆగకుండా బుడగలొచ్చినా హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. గ్యాస్కెట్ ఒక్కటే మార్చి ఊరుకోకుండా, హెడ్ వంగిందేమో లేత్‌లో చూపించి అవసరమైతే ఫేసింగ్ చేయించాలి.

కూలెంట్ తియ్యగా ఉంటుంది. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ విషం. కుక్కలు, దూడలు తీపికి ఆశపడి నాకితే కిడ్నీలు పోయి చస్తాయి. కారిన మరకను నీళ్లు పోసి కడగండి, తీసిన పాత కూలెంట్‌ను షెడ్డు ముందు పారబోయకుండా డబ్బాకెత్తి మూత బిగించమని మీ మెకానిక్‌కు చెప్పండి.