ఇరువదికిని ఇరువది రెండింటికిని నడుమ

రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు ప్రాంతములలో ఒక యింటి స్థితిగతులు తెలిసికొనదలచిన బంధువు, పొలమెంత యని గాని పంటయెట్లున్నదని గాని యడుగుటకు బదులు, "మీవాళ్లది ఏ వీసా?" అని యడుగును. వచ్చు సమాధానము ఖాదిం వీసా యనియో, షూన్ వీసా యనియో రెండు మాటలే కాని, కువైట్‌కు పోయిన ఆ మనిషి యెవరి యింట పండుకొనునో, నెలకెంత పంపగలడో, భార్యాబిడ్డలను ఎన్నటికైనను తన యొద్దకు పిలిపించుకొనగలడో లేదో యన్న సంగతులన్నియు ఆ రెండు మాటలలోనే యిమిడి యుండును. ఆ దేశపు నివాసశాసనమున పరదేశీయుల కిచ్చు అనుమతులను అధికరణ సంఖ్యలతో పిలుతురు. ప్రభుత్వపు కొలువులోనివారిది 17వ సంఖ్య. ప్రైవేటు సంస్థలవారిది 18. ఇండ్లలో పనిచేయువారిది 20. సంపాదించువానిపై ఆధారపడి, అతనితో కాపురముండుటకు వచ్చిన భార్యకును బిడ్డలకును 22. మనవారి ఖాదిం వీసా ఆ యిరువదియే; షూన్ వీసా ఆ పదునెనిమిదియే.

గొప్ప చదువు లేనివాడు, తన చేతిపనికి పరదేశమున విలువకట్టువారు లేనివాడు, ఆలుబిడ్డలతో వలసపోయి బ్రదుకవలెనని తలచినచో త్రోవ యేది యన్న ప్రశ్నకు కువైట్ ఇచ్చుచున్న సమాధానము మిక్కిలి సూటియైనది: నీవు రావచ్చును, నీ కుటుంబము రాకూడదు. 2016వ సంవత్సరమునకు పూర్వము నెలకు 250 దీనార్ల జీతము గలవాడు సంసారమును పిలిపించుకొనగలిగెడివాడు. ఆ యేడు ఆ మెట్టును 450కి పెంచిరి. 2019లో 500 చేసిరి. 2022లో ఇట్టి అనుమతులను నిలిపివైచి, 2024 జనవరిలో తిరిగి తలుపు తెరచునప్పుడు 800 దీనార్ల జీతమును, విశ్వవిద్యాలయ పట్టమును, ఆ పట్టమునకు తగిన ఉద్యోగమును ఉండవలెనని విధించిరి. పట్టపు నిబంధనను ఆ జూలైలోనే సడలించిరి గాని జీతపు నిబంధన నిలిచినది. ఇంటిపనివారికి ఆ ప్రభుత్వము 2016లో నిర్ణయించిన కనీస వేతనము 60 దీనార్లు. అనగా ఒక వంటమనిషి ఆ వేతనముపై పదమూడు నెలలు చాకిరి చేసి, ఒక్క కాసైనను ఖర్చుపెట్టక కూడబెట్టినను, సంసారమును తెచ్చుకొనుటకు అర్హుడైనవాని ఒక్క నెల జీతమునకు సరితూగదు. నేడు ఒక దీనారు మన రూపాయలలో 270కి పైగా పలుకుచున్నది. 1961వ సంవత్సరము వరకు కువైట్‌లో చెలామణియైనది రూపాయియే యనియు, ఆ యేట దీనారు పుట్టినప్పుడు దాని విలువ పదమూడు రూపాయలును, మరియొక రూపాయిలో మూడవ వంతును మాత్రమే యనియు చెప్పినచో నేటి పడుచువారు నమ్మరు.

మన దేశపు గుమ్మమునందును ఒక గీత యున్నది. పదవ తరగతి గట్టెక్కనివాని పాస్‌పోర్టు ఈసీఆర్, అనగా వలసకు తనిఖీ కావలసిన, వర్గమునకు చెందినది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము ననుసరించి అట్టివాడు కువైట్ మొదలగు పదునెనిమిది దేశములకు ఉద్యోగార్థము పోవుటకు ముందుగా అనుమతి పొందవలెను. స్త్రీయైనచో ముప్పది యేండ్లు నిండవలెను. 2016 నుండి ఈ వర్గపు స్త్రీలను ఇంటిపనికి పంపు అధికారము ప్రభుత్వ సంస్థలకే యున్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అట్టివి. రక్షణకై గీసిన గీతయే యిది. కాని దానిని దాటించెదమని చెప్పు ఉపఏజెంటు ప్రతి మండల కేంద్రమునను దొరకును. వాడు సందర్శకుల వీసా చేతబెట్టి, వయస్సు దిద్దించి, మరియొక రాష్ట్రపు విమానాశ్రయమునుండి ఎక్కించినప్పుడు, ఆ స్త్రీ అచ్చట ఆపదలో పడిన దినమున ఆమె వెళ్లినట్లు మన ప్రభుత్వపు లెక్కలలో ఒక్క అక్షరమైనను ఉండదు.

ఇంతవరకు వచ్చి, చేతిపనికి పరదేశమున విలువకట్టువారు లేరని పైన అన్న మాటను ఒకసారి పరీక్షింపవలసి యున్నది. కువైట్‌లో సుమారు పదిలక్షల మంది భారతీయులు కలరు. అచ్చటి జనాభాలో ఐదవవంతు వారే. వంట చేయుట, పసిబిడ్డను సాకుట, మంచముపట్టిన వృద్ధుని లేవదీయుట, బండి నడపుట, దివానియా యను చావడిలో అతిథులకు తేనీరందించుట, ఎడారిలో గొర్రెలను కాచుట, ఇవి మనవారికి వచ్చిన పనులు. వీనికి అచ్చట గిరాకీ లేకున్నచో ఇన్ని విమానములు నిండవు. గిరాకీ లేనిది పనికి కాదు, పనిచేయువాని కాపురమునకు. కడపజిల్లా తల్లి యొకతె కువైటీ బిడ్డకు అన్నము తినిపించుటకు జీతముండును. తన బిడ్డకు తినిపించుటకు వీసా లేదు. బండి నడపుటయు నిట్టిదే. సాధారణముగా పరదేశీయుడు అచ్చట డ్రైవింగు లైసెన్సు పొందుటకు 600 దీనార్ల జీతమును పట్టమును చూపవలెను. ఇంటి డ్రైవరుకు మాత్రము ఆ షరతు లేదు, ఏలయనగా అతడు నడుపునది యజమాని బండి.

చట్టము మూసిన త్రోవను మనవారు మరియొక విధముగా చుట్టి వచ్చుచున్నారు. రాయలసీమ గ్రామములందును, కోనసీమ, నరసాపురము ప్రాంతములందును పేద కుటుంబములలో తరచుగా ముందు పోవునది భార్య. మగవానికి వీసా ఇప్పించుటకు ఏజెంటు లక్షలలో అడుగగా, ఇంటిపనికి వచ్చు స్త్రీకి వీసా ఖర్చును టికెట్టును యజమానియే భరించుట వాడుక. అప్పు పుట్టని యింటికి ఆమెయే పెట్టుబడి. ఆమె రెండేండ్లు నమ్మకముగా పనిచేసి, ఇంటి యజమానురాలి మనస్సు కరగిన పిమ్మట, భర్తకు ఆ యింటనో వారి బంధువులయింటనో డ్రైవరు వీసా యొకటి వేయించును. యజమానురాలిని మామా యనియు, యజమానిని బాబా యనియు పిలుచుట అచ్చటి యిండ్లలో పనివారి అలవాటు. "మా మామా ఇప్పించింది" అని ఫోనులో విన్న పల్లెటూరి అత్తగారు, ఏ మామ యని తికమకపడుట కద్దు. ఇట్లు ఆలుమగలిద్దరును ఒకే నగరమునకు చేరుదురు, కాని ఒకే యింటికి చేరుట అరుదు. ఇద్దరివి రెండు ఇరువదులు; రెండు ఇరువదులు కలసినను ఒక్క ఇరువది రెండు కాదు. ఆమె యొక యింటి మేడమీది గదిలోను, అతడు మరియొక యింటి వెలుపలి గదిలోను నుండి, సెలవిచ్చినచో శుక్రవారమునాడు మాలియాలోనో ఫర్వానియాలోనో కలసికొని, తెలుగు హోటలులో భోజనముచేసి, ఊరికి డబ్బు పంపి, చీకటిపడకముందే ఎవరి కఫీలు (వీసా యిచ్చిన యజమాని) ఇంటికి వారు పోవుదురు. ఇది సకుటుంబ వలస యనదగునో లేదో పాఠకులే నిర్ణయింతురు గాక.

పిల్లలు జేజి యొద్ద పెరుగుదురు. నెలనెలా సొమ్ము వచ్చును. ఏడాదికో రెండేండ్లకో అట్టపెట్టెలో నీడో పాలడబ్బాలు, టాంగు పొడి, యాక్స్ ఆయిల్ సీసాలు, ఖర్జూరములు, బరువైన దుప్పట్లు వచ్చును. రాత్రి పూట ఫోనులో ఐఎంఓ వీడియోలో తల్లి ముఖమును వచ్చును. అప్పు తీరును, చెల్లెలి పెండ్లి జరుగును, రెండంతస్తుల యిల్లు లేచును. ఈ మేలు చిన్నది కాదు. దీనిని ఏవగించుకొని మాటలాడువారు వానలులేని యేడు రాయచోటి మెట్టపొలమును చూచినవారు కారని నా యభిప్రాయము. కాని ఆ యింటిలో కాపురముండువారు ముసలమ్మయు ఇద్దరు పిల్లలును మాత్రమే యైనప్పుడు, పై యంతస్తు ఎవరికొరకు కట్టిరో చెప్పుట కష్టము.

పూర్వపు వలసలతో పోల్చి చూచినచో ఒక విచిత్రము కనబడును. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి 342 మందిని తీసికొని దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. అందు తెలుగువారును ఉండిరి. వారికిని ఏ పట్టములును లేవు. చెరకుతోటలలో పారపట్టుటకే పోయిరి. ఐనను ఆ బానిసప్రాయమైన ఒప్పందపు కూలీ పద్ధతిలో, నూర్గురు పురుషులకు ఇంతమంది స్త్రీలు ఉండితీరవలెనని నియమముండెను. కాలక్రమమున ఆ సంఖ్య నలువదిగా స్థిరపడెను. తోటదొరలు దయాళువులై దీనిని ఒప్పుకొనలేదు. ప్రభుత్వపు నిర్బంధమున ఒప్పుకొనిరి, సంసారియైన కూలీ తోటను విడిచి పారిపోడన్న లెక్కయు వేసికొనిరి. ఫలితముగా నేడు దక్షిణాఫ్రికాలోను మారిషస్‌లోను ఐదారు తరముల తెలుగువారు పౌరులై యున్నారు. కువైట్‌కు మనవారు పోవ మొదలిడి అర్ధశతాబ్దము కావచ్చినది. తెలుగు కళా సమితి వంటి సంఘములు వెలసినవి, పండుగలు జరుగుచున్నవి. కాని అచ్చట వేరూనిన తెలుగు పల్లె యొక్కటియు లేదు. పరదేశీయునికి శాశ్వతనివాసము నిచ్చు ఏర్పాటు ఆ దేశమున సామాన్యునికి లేదు గనుక ఉండబోదు.

ఇరువది రెండవ సంఖ్య పొందినవారు సుఖముగా నున్నారని తలపరాదు. ఆ సంఖ్య సంపాదించువాని పదునెనిమిదిపై ప్రాకిన తీగ. గుంజ విరిగిన దినమున తీగయు నేలబడును. కంపెనీ మూతబడినచో భర్త అకామా యను నివాసానుమతితోపాటు భార్యదియు బిడ్డలదియు పోవును, బడి నడుమలో పేర్లు కొట్టివేయించుకొని రావలసివచ్చును. పిల్లల చదువు ప్రభుత్వపు బడులలో గాక ఫీజులు గుంజు భారతీయ పాఠశాలలలోనే. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైట్‌లో ప్రవేశించినప్పుడు, గద్దెలపైనున్న ఇంజనీర్లును, వంటయిండ్లలోని స్త్రీలును ఒక్క తీరుగనే బస్సులెక్కి జోర్డానులోని అమ్మాను నగరమునకు పోయి, అచ్చటినుండి విమానములలో స్వదేశము చేరిరి. అట్లు చేరినవారు సుమారు లక్షా డెబ్బదివేలమంది. యుద్ధము ముగిసి యేడాది తిరుగకమునుపే పలువురు మరల పాస్‌పోర్టులు వెదకికొనిరి.

ఇంటిపనివారికై కువైట్ 2015లో చేసిన 68వ సంఖ్య చట్టము దినమునకు పండ్రెండు గంటలకు మించి పనిచేయింపరాదనియు, వారమున కొక దినము సెలవు, ఏటికి ముప్పది దినముల జీతపు సెలవు ఈయవలెననియు చెప్పుచున్నది. చట్టము మంచిదే, అది మేడమీది గది తలుపు వరకు పోయినదో లేదో చూచు కన్ను మాత్రము కరవు. ఓర్వలేక యింటినుండి బయటపడిన వానిని మనవారు ఖల్లివల్లి యందురు. ఆ మాట వినుటకు వేళాకోళముగా నుండును గాని, అకామా పోయి, పోలీసుకు వెరచి, దొరికిన చోట దొరికిన పని చేయువాని పేరది. 2018లోను 2024లోను వలె క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అట్టివారు వరుసలు కట్టి టికెట్లు తెచ్చుకొనిరి.

మీ యింటినుండి ఎవరైనను బయలుదేరుచున్నచో, ఏజెంటు చెప్పు జీతమును అడుగుటకు ముందు, ఆ ఏజెంటు మన ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నమోదైనవాడో కాడో విచారింపుడు. ప్రవాసీ భారతీయ బీమా కాగితమును, ఒప్పందపు ప్రతిని, పాస్‌పోర్టు నకలును ఇంట నుంచుకొనుడు. వీసా కాగితముమీది సంఖ్య యేదో చదివించుకొనుడు. చదువగలవారు వేరెవరును లేకున్నచో బడికి పోవు మీ బిడ్డచేతనే చదివించుకొనుడు. అమ్మయు నాన్నయు ఎన్నేండ్లకు వత్తురో ముందుగా తెలియవలసినది ఆ బిడ్డకే.