మీకు తెలుసా? రెండింతలు చేస్తే నాలుగింతలు!

వేగం రెట్టింపయితే దెబ్బ కూడా రెట్టింపు బలంగా తగులుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, నాలుగింతలవుతుంది. బలం, చలనం పాఠాల్లో పదేపదే ఎదురయ్యే ఈ లెక్కను ఒక్కసారి పట్టుకుంటే చాలు. ఖమ్మం నుంచి భద్రాచలం అడవుల దాకా అది ఎక్కడెక్కడ పని చేస్తోందో మీకే కనిపిస్తుంది.

లారీ ఆగింది, రాయి ఆగలేదు

ఖమ్మం చుట్టుపక్కల గ్రానైటు క్వారీలకు పేరుంది. ఘనపు మీటరు గ్రానైటు సుమారు 2.7 టన్నులు తూగుతుంది. రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, మీటరున్నర ఎత్తు ఉన్న దిమ్మె 12 టన్నులు దాటుతుంది. డ్రైవరు సడన్ బ్రేకు వేస్తే రాయి ముందుకు దూకిందంటారు. నిజానికి అది దూకలేదు. లారీ వేగం తగ్గింది, రాయి మాత్రం పాత వేగంతోనే పోతోంది. ఇదే జడత్వం. గొలుసులతో బిగించి కట్టేది ఇందుకే. దిమ్మె బరువు రెట్టింపయితే, అంతే సమయంలో ఆపడానికి కావలసిన బలం కూడా రెట్టింపే. ఇంతవరకూ లెక్క సాదాసీదా. వేగం జోలికి వెళ్తేనే కథ మారుతుంది.

బొగ్గు రైలుకు అంత దూరం ఎందుకు?

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని కనుగొన్నాడు. 1889లో తవ్వకం మొదలైంది. ఇప్పుడు బొగ్గు తవ్వే సింగరేణి సంస్థ ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. బొగ్గు నింపిన వ్యాగన్ ఒక్కోటి దాదాపు 80 టన్నులు. ఒక్కో రైలుకు అలాంటివి యాభైకి పైగా ఉంటాయి. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఉన్న రైలు బ్రేకు వేశాక 200 మీటర్లలో ఆగిందనుకుందాం. అదే రైలు 60లో వస్తుంటే, అవే బ్రేకులతో ఆగడానికి 800 మీటర్లు కావాలి. చలనశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది మరి. పైగా ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి ఘర్షణ తక్కువ. రైలు దూరంగానే ఉందిగా అని గేటు కింద నుంచి దూరేవాళ్లు వేసుకోని లెక్క ఇది.

ఈ నాలుగింతల లెక్క ప్రయోగంలోనూ కనిపించింది. 1720ల్లో డచ్చి శాస్త్రవేత్త గ్రేవ్‌సాండే ఇత్తడి గుండ్లను మెత్తని బంకమట్టి మీద పడేసి చూశాడు. రెట్టింపు వేగంతో పడ్డ గుండు నాలుగింతల లోతుకు దిగింది. ఆ ప్రయోగానికి ఉన్న విలువను 1740లో తన పుస్తకంలో వివరించి చెప్పింది ఫ్రెంచి పండితురాలు ఎమిలీ ద్యు షాత్లే.

మలుపులో మనల్ని తోసేదెవరు?

భద్రాచలం నుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి వెళ్లే ఘాట్ రోడ్డులో బస్సు మలుపు తిరిగినప్పుడల్లా బయటివైపు ఒరిగిపోతాం. ఎవరో తోసినట్టే ఉంటుంది. కానీ బయటికి తోసే బలమేదీ లేదు. ఒళ్లు తిన్నగా పోవాలని చూస్తుంది, బస్సు లోపలికి తిరుగుతుంది. అంతే. బస్సును తిప్పేది టైర్లకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఘర్షణ. 20 కిలోమీటర్ల వేగంతో తిరిగే మలుపును 40తో తిరగాలంటే నాలుగింతల ఘర్షణ కావాలి. వాన పడి ఘర్షణ సగమైతే? చదునుగా ఉన్న రోడ్డు మీద 40లో తిరగగలిగిన మలుపులో 28 దాటకూడదు.

కరకట్ట మీద ఎంత బరువు?

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులు తాకింది, 2022 జూలైలో 71.3 అడుగులు. కట్టను ఆనుకుని మూడు మీటర్ల నీరు నిలిస్తే, ప్రతి మీటరు పొడవునా సుమారు నాలుగున్నర టన్నుల బరువుకు సమానమైన బలం అడ్డంగా తోస్తుంది. నీరు ఆరు మీటర్లకు పెరిగితే అది తొమ్మిది టన్నులు కాదు, పద్దెనిమిది. లోతుతో పాటు నీటి ఒత్తిడీ పెరుగుతుంది, నీరు తగిలే వైశాల్యమూ పెరుగుతుంది. విచిత్రమేమిటంటే, నది ఎంత వెడల్పుందన్నది ఈ లెక్కలోకే రాదు. నిలిచిన నీటి తోపుకు లోతే ముఖ్యం.

తాటిపండు ఎంత సేపట్లో రాలుతుంది?

ఐదు మీటర్ల ఎత్తు నుంచి రాలిన తాటిపండు సుమారు ఒక సెకనులో నేలను తాకుతుంది. ఇరవై మీటర్ల చెట్టు మీంచి రాలితే నాలుగు సెకన్లు పట్టదు, రెండే పడుతుంది. సమయం రెట్టింపయితే పడే దూరం నాలుగింతలవుతుందని గెలీలియో వాలు బల్లల మీద గుండ్లు దొర్లించి తేల్చాడు. ఆ వివరాలున్న పుస్తకం 1638లో వచ్చింది. ఇరవై మీటర్ల నుంచి పడే పండు నేలను తాకేసరికి దాని వేగం గంటకు దాదాపు 70 కిలోమీటర్లు. పండ్లు రాలే రోజుల్లో తాటిచెట్టు కింద కూర్చోవద్దని పెద్దవాళ్లు ఊరికే అనరు.

విల్లును ఇంకో జాన లాగితే?

ఇక్కడి కోయలు, కొండరెడ్లు వాడే వెదురు విల్లును ఒక జాన లాగడానికి కొంత శక్తి కావాలి. రెండు జానలు లాగితే దాదాపు నాలుగింతల శక్తి విల్లులో చేరుతుంది. లాగే కొద్దీ నారి మరింత గట్టిగా ఎదురు లాగుతుంది, చెయ్యి కదిలే దూరమూ రెట్టింపవుతుంది. ఆ శక్తితో బాణం వేగం మాత్రం రెండింతలే అవుతుంది. కానీ నిట్టనిలువుగా వదిలితే, గాలిని పక్కన పెడితే, అది చేరే ఎత్తు మళ్లీ నాలుగింతలు!

మీరే చేసి చూడండి

గాలి అడ్డుకునే బలం కూడా వేగం రెట్టింపయితే నాలుగింతలవుతుంది. అడ్డాకులతో కుట్టిన ఎండు దొప్పలు ఐదు తెచ్చుకోండి. వెడల్పుగా, తేలిగ్గా ఉన్నవైతే మంచిది. నాలుగింటిని ఒకదాంట్లో ఒకటి పెట్టండి. ఒంటి దొప్పను రెండు మీటర్ల ఎత్తు నుంచి, నాలుగు దొప్పల దొంతరను నాలుగు మీటర్ల ఎత్తు నుంచి ఒకేసారి వదలండి. బరువు నాలుగింతలు కాబట్టి దొంతర రెట్టింపు వేగంతో దిగుతుంది, రెండూ దాదాపు ఒకేసారి నేలను తాకుతాయి. దొంతర కాస్త ఆలస్యం కావచ్చు, ఆ వేగం అందుకోవడానికి దానికి కొంత సమయం పడుతుంది. ఇక తొమ్మిది దొప్పల దొంతరను ఎంత ఎత్తు నుంచి వదలాలో చెప్పండి చూద్దాం!