గంతులు మానిపించే వయసులోనే ఎముక గట్టిపడుతుంది

"మా అమ్మాయికి కాల్షియం టానిక్ ఏది మంచిదండీ?" ఎముకల గురించి ఎప్పుడు రాసినా తల్లుల దగ్గర్నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఇదే. ఎనిమిదో తరగతి పిల్ల. పొద్దున పాలు, రాత్రి బిళ్ల తప్పకుండా అందుతున్నాయి. సాయంత్రం ఏం ఆడుతుందని అడిగితే మాత్రం, "పెద్దమనిషి అయింది కదండీ, ఇంకా గంతులేమిటి? పైగా ట్యూషన్ ఒకటి" అంటారు. ఆ జవాబు వింటే నాకు ఒళ్లు మండుతుంది. కాల్షియం ఇస్తూ, దాన్ని ఎముకకు పట్టించే పనిని మానిపిస్తున్నారు.

ఎముక లోపల ఇల్లు కట్టే పని నిత్యం నడుస్తూనే ఉంటుంది. ఆస్టియోక్లాస్టులనే కణాలు పాతగోడ పడగొట్టే కూలీలు. ఆస్టియోబ్లాస్టులు కొత్తగోడ లేపే తాపీపనివాళ్లు. గోడల్లోనే కాపురముండి ఇద్దరికీ పని పురమాయించే మేస్త్రీలు ఆస్టియోసైట్లు. పిల్ల ఎగిరి దూకగానే కాలి ఎముక కంటికి ఆననంత కొద్దిగా వంగుతుంది. ఎముకలోని సన్నటి కాలువల్లో ఉన్న ద్రవం ఆ ఒత్తిడికి కదులుతుంది. ఆ కదలిక మేస్త్రీకి తెలుస్తుంది. మామూలుగా ఆయన స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్ వదులుతూ తాపీవాళ్లను అదుపులో పెడతాడు. బరువు పడిందని తెలియగానే దాన్ని తగ్గిస్తాడు. ఎక్కడ ఎక్కువ వంగిందో అక్కడే గోడ మందం పెంచమంటాడు. పాలు, రాగులు, నువ్వులు, మీరు కొనే టానిక్కూ అన్నీ ఇసుకా సిమెంటే. అవి లేనిదే పని సాగదు, నిజమే. ఎండ తగలక విటమిన్ డి తక్కువైతే సిమెంటు లారీ గేటు దాటి లోపలికే సరిగా రాదు. అలాగని లారీల మీద లారీలు దింపించినా, మేస్త్రీ చెప్పనిదే గోడ మందం కాదు. వ్యోమగాములే ఇందుకు సాక్ష్యం. తిండి ఉన్నా శరీర బరువు ఎముకల మీద పడదు కాబట్టి, తగిన వ్యాయామం లేకపోతే వాళ్ల తుంటి ఎముక నెలకు ఒక శాతానికి పైగా సాంద్రత కోల్పోతుంది.

ఈ పని అన్ని వయసుల్లోనూ ఒకే జోరుగా సాగదు. కెనడాలోని సస్కాచవాన్‌లో పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు 1999లో ఒక సంగతి చెప్పారు. పెద్దయ్యాక మన ఎముకల్లో ఉండే ఖనిజంలో సుమారు పావు వంతు, ఎదుగుదల ఉరవడిగా ఉండే రెండేళ్లలోనే చేరుతుంది. ఆడపిల్లల్లో ఆ ఉరవడి పన్నెండున్నరేళ్ల ప్రాంతంలో, మగపిల్లల్లో పద్నాలుగేళ్ల ప్రాంతంలో కనిపిస్తుంది. ఫిన్లాండ్‌లో టెన్నిస్, స్క్వాష్ ఆడే స్త్రీల రెండు చేతులనూ పోల్చి చూశారు. రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతికన్నా గట్టిది. రజస్వల అయ్యేలోపే ఆట మొదలుపెట్టినవాళ్లలో ఆ తేడా, తర్వాత మొదలుపెట్టినవాళ్లలోకన్నా సుమారు రెండింతలు ఉంది.

అంటే మనం పిల్లను ఇంట్లో కూర్చోబెడుతున్నది ఎముకకు ఆట అన్నిటికన్నా ఎక్కువ అవసరమైన రోజుల్లోనే. గంతులేస్తే గర్భసంచి జారుతుందన్నది ఉత్త భయం. పెద్దపెద్ద దేశాలూ ఆ భయాన్ని పట్టుకుని వేళ్లాడాయి. మంచుకొండ మీంచి దూకే స్కీ జంపింగ్‌లో స్త్రీలకు ఒలింపిక్స్‌లో చోటు దక్కడానికి 2014 దాకా పట్టింది. మన శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి మాత్రం చిన్న వయసులోనే బరువులెత్తడం మొదలుపెట్టి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది.

ఎముక కోసం ఒక ఆట ఎంచుకోమంటే నేను తొక్కుడుబిళ్లకే ఓటేస్తాను. పెంకు విసిరి, ఒంటికాలి మీద గెంతుతూ, గీత తొక్కకుండా గళ్లు దాటి, చివర గాలిలోనే తిరిగి, వంగి పెంకు తీసుకుని రావాలి. ప్రతి గెంతుకూ ఒంటి బరువుకు మించిన బలం ఒక్క కాలి మీదే పడుతుంది, దిక్కు మారుతూ పడుతుంది. మేస్త్రీకి కావలసింది ఇలాంటి అలవాటులేని కుదుపే. ఖోఖో, కబడ్డీ, తాడాట కూడా మేలే. ఈత గుండెకూ ఊపిరితిత్తులకూ చాలా మంచిది కానీ, నీళ్లు బరువు మోసేస్తాయి కాబట్టి ఎముకకు అందులో దక్కేది తక్కువ.

ఆట మేలు ఎముకతోనే ఆగదు. నిద్ర బాగా పడుతుంది, దిగులు తగ్గుతుంది. ఆడితే మార్కులు పోతాయనే భయాన్ని పరిశోధనలు బలపరచలేదు. 5 నుంచి 17 ఏళ్లవాళ్లకు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక, వారంలో కనీసం మూడు రోజులు ఎముకకు, కండకు పనిపెట్టే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 లెక్కల ప్రకారం ప్రపంచంలో 11–17 ఏళ్ల పిల్లల్లో 81 శాతానికి ఆ గంట అందడం లేదు. ఆడపిల్లల్లో అయితే 85 శాతానికి అందడం లేదు.

ఇక పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లే ఉండే ఇంటర్ హాస్టళ్ల మాట. గ్రౌండ్ లేదని యాజమాన్యాలు చేతులెత్తేస్తాయి. ఎముక మేలుకు గ్రౌండ్ అక్కర్లేదు. ఒకే రకం కుదుపు వరసగా తగిలితే మేస్త్రీ కాసేపటికి పట్టించుకోవడం మానేస్తాడు, కొన్ని గంటల విరామం తర్వాత మళ్లీ స్పందిస్తాడు. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో, అన్ని గెంతులూ ఒకేసారి వేయించడంకన్నా విడతలుగా వేయించినప్పుడే ఎముక ఎక్కువ బలపడింది. కాబట్టి పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు మేడ మీద తాడాట ఆడనిచ్చినా ఎముకకు పని దొరుకుతుంది. మిగతా నలభై నిమిషాల కదలికకు చోటూ వేళా చూపించవలసింది హాస్టల్ వాళ్లే. ఫీజు కట్టేటప్పుడు తల్లిదండ్రులు ఆ మాట గట్టిగా అడగాలి.